నేల తొక్కని రాజకుమారుడు

అనగా అనగా, నేల ఎలా ఉంటుందో తెలియని రాజు ఒకడు ఉండేవాడు.

ఆయన పేరు గగనసేనుడు. ఆయన ఏలిన ఊరు మేఘపురి. ఆ వంశంలో పుట్టినవాళ్లెవరూ నేల మీద కాలు పెట్టకూడదని ఆచారం. పుట్టగానే దాది చేతుల్లోకి, దాది చేతుల్లోంచి ఊయలలోకి, ఊయలలోంచి పల్లకిలోకి, పల్లకిలోంచి తివాచీ మీదికి. అంతే వాళ్ల ప్రయాణం. కాళ్లు లేవా అంటారా? ఉన్నాయి. పది వేళ్లూ ఉన్నాయి. వాటికి రోజూ వెన్న రాసేవాళ్లు, పారాణి దిద్దేవాళ్లు, బంగారు కడియాలు తొడిగేవాళ్లు. పని మాత్రం చెప్పేవాళ్లు కాదు.

ఆ కోటలో తొక్కడం అనే మాట ఒకే ఒక్క సందర్భంలో వినిపించేది. రాజుగారికి ఎవరి మీదైనా కోపం వస్తే, "తొక్కించండి!" అనేవాడు. కోట ముందు రాళ్లు పరిచిన ముంగిలి ఉండేది. ఆ ముంగిట్లో భద్రగజం అనే పట్టపుటేనుగు ఉండేది. ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు.

అదే మాట కోటగోడ దాటితే ఎంత అందంగా బతికేదో! కుమ్మరివాడలో మట్టి తొక్కేవాళ్లు. పొలాల్లో నీళ్లు తోడే ఏతం తొక్కేవాళ్లు. సాలెవీధిలో మగ్గం తొక్కేవాళ్లు. కళ్లాల్లో ఎడ్లు వరిపనలు తొక్కేవి. రేవులో మూటలకొద్దీ దుప్పట్లు తొట్టిలో నానబెట్టి తొక్కేవాళ్లు. కొత్తకోడళ్లు కుడికాలితో గడప తొక్కేవాళ్లు. మొక్కున్నవాళ్లు నిప్పులగుండం తొక్కేవాళ్లు. పిల్లలు గీతలు గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లు. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా ఊరంతా ధబ్ ధబ్ ధబ్ మంటూ ఉండేది. అది మేఘపురి గుండెచప్పుడు. రాజుగారికేమో అది గోల. చెవుల్లో దూది పెట్టుకునేవాడు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, రెండోవాడు గుణధీరుడు, మూడోవాడు మృదుపాదుడు. మూడోవాడి అరికాళ్లు తామరరేకుల్లా ఉండేవి. తలగడలో ఒక్క పత్తిగింజ ఉన్నా పాదానికి తెలిసిపోయేది. అందుకని అన్నలిద్దరూ అతన్ని "ఒరేయ్ వెన్నకాళ్లూ" అని పిలిచేవాళ్లు.

ఏడు సముద్రాలకు అవతల ఒక రాతిదీవి. అక్కడ లోహపాదుడు అనే మాంత్రికుడు ఉండేవాడు. కాళ్లకు ఇనుప తొడుగులు, మెడలో ఒక తోలుమూట. వాడికి ఒకటే కోరిక. "లోకంలో ఉన్న తొక్కుడంతా నా ఒక్కడి కాళ్లలోనే ఉండాలి. నేను కాలెత్తితే చాలు, అందరూ వంగాలి."

వైశాఖంలో మామిడివాన కురిసింది. నేల మెత్తబడింది. తెల్లవారేసరికి మేఘపురి వీధులనిండా అడుగుజాడలు పడ్డాయి. పెద్దవీ చిన్నవీ, మనుషులవీ ఎడ్లవీ మేకలవీ. లోహపాదుడు బైరాగి వేషంలో వచ్చాడు. ఒక్కో అడుగులోంచీ ఒక్కో చిటికెడు మట్టి తీశాడు, మూటలో వేశాడు. మట్టి తీశాడు, మూటలో వేశాడు. మధ్యాహ్నానికి మూట నిండింది, వాడు మాయమయ్యాడు.

ఆ క్షణమే మట్టి తొక్కుతున్న కుమ్మరి కాలు మట్టిలో దిగడం మానేసింది. ఏతం మీది మనిషి ఎటు నడిచినా దూలం కదల్లేదు. ఎడ్లు కళ్లంలో దూదిపింజల్లా పైకి లేచాయి. అరగంటలో ఊరంతా మూడు జానల ఎత్తున తేలుతోంది, కట్టు లేకపోతే ఇంకా పైకి పోతోంది. తల్లులు పిల్లల్ని స్తంభాలకు కట్టారు, తమను పిల్లలకు కట్టుకున్నారు.

కోటలో రాజకుటుంబానికి మాత్రం ఏమీ కాలేదు. నేల తొక్కనివాళ్లకు అడుగుజాడ ఎక్కడిది?

"వాళ్లు తేలితే మనకేమిటి?" అన్నాడు గగనసేనుడు. "నా పల్లకి తీసుకురండి."

పల్లకి వచ్చింది. బోయీలు నలుగురూ గాలిలో తేలుతూ వచ్చారు, కొమ్ములు పట్టుకున్నారు, "ఓహోం!" అన్నారు. పల్లకి ఒక్క అంగుళం కూడా లేవలేదు. అందులో రాజుగారు ఉన్నారు మరి.

మొదటి రోజు కోటకు నీళ్లు రాలేదు. రెండో రోజు బియ్యం రాలేదు. మూడో రోజు ముసలి మంత్రి తనను కిటికీకి కట్టేసుకుని చెప్పాడు. "మహారాజా, ఇది లోహపాదుడి పని. వాడు మూట పట్టుకుపోయిన రోజు నుంచి నలభయ్యో రోజున ఆషాఢపుగాలి మొదలవుతుంది. ఆ గాలికి ఏ తాడూ ఆగదు. మేఘపురి మొత్తం సముద్రంలో పడుతుంది."

రాజుకు అప్పుడు చెమట పట్టింది. కోటలో రెండే రెక్కల గుర్రాలు ఉన్నాయి. వాటిమీద పెద్దవాళ్లిద్దరూ ఎక్కారు.

"అన్నా, ఏం చేస్తారు?" అన్నాడు మృదుపాదుడు.

"ఇదేం ప్రశ్నరా వెన్నకాళ్లూ! మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంటుంది?"

"చిలకలో."

"మరింకేం. దాని మెడ నులిమేసి సాయంత్రానికి వచ్చేస్తాం."

గుర్రాలు ఎగిరిపోయాయి. సాయంత్రానికి రాలేదు.

మృదుపాదుడికి దాహం వేసింది. కూజాలో చుక్క లేదు. పిలిస్తే వచ్చేవాళ్లు లేరు. కోట తలుపు దగ్గర నిలబడి కిందికి చూశాడు. తివాచీ అక్కడితో అయిపోయింది. కళ్లు మూసుకుని కుడికాలు కింద పెట్టాడు.

నేల చురుక్కుమంది. గరుకుగా, వెచ్చగా, సజీవంగా తగిలింది. అతనికి భయం వేసింది, దాని వెనకే సంతోషం కూడా వేసింది. రెండో కాలు కూడా పెట్టాడు.

కుమ్మరివాడ దాకా వెళ్లేసరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. అక్కడ కుండలు కాల్చే ఆవం పక్కన గుంజకు కట్టిన తాడు చివర ఒక పిల్ల గాలిపటంలా తేలుతోంది. ఆమె కుమ్మరి ఓబన్న కూతురు గౌరాలు. ఓబన్న తనను చూరుకు కట్టుకుని తేలుతున్నాడు.

"నాన్నా, నాన్నా! నేల మీద నిలబడ్డ మనిషి!" అని అరిచింది గౌరాలు. "మనిషి నిలబడితే ఇంత అందంగా ఉంటుందని మూడు రోజుల కిందటిదాకా నాకు తెలీదు. ఎవరు నువ్వు?"

"మృదుపాదుణ్ణి. రాజుగారి మూడో అబ్బాయిని. నీళ్లు కావాలి."

"నీళ్లు కావాలంటే కుండ కావాలి. కుండ కావాలంటే మట్టి తొక్కాలి. వాడవాడంతా కలిసినా మా కాళ్లలో చీమ బరువు లేదు. నీ కాళ్లలో ఉంది. దిగు."

"ఎక్కడికి?"

"మట్టిలోకి."

"రాజవంశంలో ఎవరూ ఇంతవరకూ..."

"ఇంతవరకూ మీరు తాగిన ప్రతి గుక్కా ఎవడో ఒకడు మట్టి తొక్కితే వచ్చిందే దొరా," అంది గౌరాలు. "ఇన్నాళ్లూ మా కాళ్లు తొక్కాయి, మీ గొంతులు తడిశాయి. ఈ ఒక్కరోజు మీ కాళ్లు తొక్కనీ."

మృదుపాదుడు పంచె పైకి దోపుకున్నాడు. దిగాడు. మట్టి మోకాళ్లదాకా లాగింది. చల్లగా ఉంది. అతను పిచ్చిపట్టినవాడిలా గంతులేశాడు.

"అది తొక్కడం కాదు, కోతిచేష్ట!" అన్నాడు చూరు మీంచి ఓబన్న. "అంచు నుంచి మొదలుపెట్టు బాబూ. చుట్టూ తిరుగుతూ నడిమికి రా. అడుగు పక్కన అడుగు, సందు వదలకూడదు. మడమతో నొక్కు, వేళ్లతో వెతుకు."

"ఏం వెతకాలి?"

"రాయి. మట్టిలో ఆవగింజంత రాయి మిగిలినా ఆవంలో కుండ పగిలిపోతుంది. కంటికి కనపడదు, చేతికి దొరకదు. కాలికే తెలుస్తుంది. మా కాళ్లు కాయలు కాచి మొద్దుబారాయి, అయినా పసిగడతాయి. నీవి వెన్నముద్దలు కదా, చూద్దాం."

మడమతో నొక్కాడు, వేళ్లతో వెతికాడు. మడమతో నొక్కాడు, వేళ్లతో వెతికాడు. పొద్దు వాలేలోగా పదకొండు రాళ్లు తీశాడు. అన్నింటికన్నా చిన్నది గసగసాల గింజంత ఉంది. ఓబన్న ఆ రాతిని చూసి నోరు తెరిచాడు. "ఇటువంటి కాలు మా కులంలో నూరేళ్లకు ఒకటి పుడుతుంది. నువ్వు పొరపాటున కోటలో పుట్టావు బాబూ."

మృదుపాదుణ్ణి పుట్టాక ఎవరూ మెచ్చుకోలేదు. ఆ మాటకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండు రోజులు మట్టి తొక్కాడు. రెండు రోజులు ఏతం తొక్కాడు. సన్నటి దూలం మీద బావివైపు నడిస్తే బాన మునుగుతుంది, వెనక్కి నడిస్తే బాన లేస్తుంది. మూడుసార్లు కింద పడ్డాడు. చెట్లకు కట్టుకున్న జనమంతా చప్పట్లు కొట్టారు. "అయ్యోయ్, దొరగారు ఆకాశం నుంచి దిగారు!" అన్నారు. రెండు రోజులు కళ్లం తొక్కాడు. ఎడ్లు పైన తేలుతూ, "ఎడమకి, ఎడమకి! గుంజ చుట్టూ తిరగాలయ్యా, గుంజకు ఢీకొట్టకూడదు," అని చెబుతూ వచ్చాయి. ఆరు రోజులకు ఊరికి కాసిని నీళ్లు, పిడికెడు గింజలు దొరికాయి. మృదుపాదుడి అరికాళ్లు చిట్లి, ఆరి, మళ్లీ చిట్లాయి. రాత్రి పడుకుంటే మాత్రం, ఒక మనిషి అన్నం తినడం వెనక ఎన్ని వేల అడుగులున్నాయో లెక్కపెడుతూ నిద్రపోయేవాడు. ఆ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించేది.

ఏడో రోజు పొద్దున్నే అన్నాడు. "గౌరాలూ, నేను రాతిదీవికి వెళ్తాను. ఒక్కడి కాళ్లు ఊరంతటికీ చాలవు. ఎవరి తొక్కుడు వాళ్లకు తెచ్చివ్వాలి."

"నేనూ వస్తాను. నన్ను నీ నడుముకు కట్టుకో. తాడు పొడుగ్గా వదిలితే నాకు పది ఆమడల దూరం కనిపిస్తుంది. ఇక్కడుండి మా నాన్నను గాలి ఎత్తుకుపోవడం చూడలేను."

"ఏడు సముద్రాలు ఎలా దాటాలి?"

"నేను దాటిస్తాను బాబూ," అని ఒక బొంగురు గొంతు వినిపించింది. గొలుసు తెంపుకుని వచ్చిన భద్రగజం వీధి మధ్యలో నిలబడి ఉంది. "నన్ను రాతిముంగిలి దాటనివ్వలేదు. అందుకే నా అడుగు మట్టిమీద పడలేదు, నా తొక్కుడు నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని మోయలేక చస్తున్నాను. నా కాలి కిందికి తోసినవాళ్లలో ఒక్కడూ నాకు శత్రువు కాదు. ఒక్క మంచిపని చేయనియ్యి."

మృదుపాదుడు ఏనుగు కాలి దగ్గర కూర్చుని, ఆ కాలిని రెండు చేతులా నిమిరాడు. ఆ తర్వాత మీదికెక్కాడు.

సముద్రానికి నాలుగు రోజులు. ఉప్పుసముద్రం దాటారు, చెరకురసపు సముద్రం దాటారు, పాలసముద్రం దాటారు. ఏనుగు ఈదుతుంటే, మీద రాజకుమారుడు, ఆ పైన తాడు చివర గౌరాలు. "కుడికి తిప్పు! అదిగో తిమింగలం! ఎడమకి!" అని పైనుంచి కేకలు. ఇరవై ఎనిమిది రోజులకు ఏడు సముద్రాలూ దాటి రాతిదీవి చేరారు.

దీవి పొడుగునా ఒక్క పిడికెడు మట్టి లేదు. అంతా రాళ్లు పరిచి ఉంది. తన అడుగుమట్టి ఎవరైనా తీస్తారేమోనని లోహపాదుడి భయం. ధన్ ధన్ మని వాడు వస్తుంటే రాళ్లు అదిరాయి.

"ఎవడ్రా నువ్వు? రెక్కల గుర్రం ఏదీ? కత్తి ఏదీ?"

"లేవు. మావాళ్ల తొక్కుడు ఇచ్చెయ్యి. వెళ్లిపోతాను."

లోహపాదుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "బిచ్చమడుగుతున్నాడు రాజకుమారుడు! సరే. మూడు రోజులు, మూడు పనులు. మూడూ చేస్తే మూట నీది. ఒక్కటి తప్పినా నువ్వు నా సొత్తు."

మొదటి పని. కొండ నెత్తిన ఉన్న రాతితొట్టిని పొద్దుగూకేలోగా నింపాలి. లోతైన బావి, దాని మీద బూజుపట్టిన ఏతం. రాజకుమారుడికి ఏతమంటే ఏమిటో తెలీదని మాంత్రికుడి ధీమా. మృదుపాదుడు దూలమెక్కాడు. ముందుకు నడిచాడు, బాన మునిగింది. వెనక్కి నడిచాడు, బాన లేచింది. ఏనుగు తొండంతో బానను వంచింది. పైనుంచి గౌరాలు అడుగులు లెక్కపెడుతూ పాట కట్టింది. "ముందుకు పో ముద్దులయ్యా, వెనక్కి రా వెన్నకాళ్లయ్యా!" పొద్దు గూకకముందే తొట్టి పొంగింది. మృదుపాదుడి తొక్కుడు కూడా కాజేద్దామని మాంత్రికుడు దూలం చుట్టూ వెతికాడు. అడుగుజాడ ఒక్కటీ లేదు. చెక్క మీద నడిచినవాడికి జాడెక్కడిది?

రెండో పని. తాటిచెట్టంత కుప్ప నూర్చి, గింజ ఒకచోట, గడ్డి ఒకచోట పెట్టాలి.

"నేను తొక్కితే గింజ మిగలదు, పిండే మిగులుతుంది," అంది ఏనుగు దిగులుగా.

మృదుపాదుడు ఒక్కడే కళ్లంలో దిగబోయి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. పనల కింద చీమలబారు.

"దించవేం?" అంది ముందున్న చీమ. "అందరూ దించుతారు."

"మీరు దాటండి. ఆగుతాను."

చీమలన్నీ దాటేదాకా ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆ తర్వాత రోజంతా గుంజ చుట్టూ తిరిగాడు. సాయంత్రమైంది. నూర్పిడి అయింది కానీ, తూర్పారపట్టే వేళ లేదు. అప్పుడు బారులు బారులుగా చీమలు వచ్చి పొల్లూ తాలూ మోసుకుపోయాయి. "తొక్కేటప్పుడు కిందికి చూసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాం నాయనా," అంది ముందున్న చీమ. లోహపాదుడు వచ్చేసరికి కళ్లంలో బంగారంలా గింజ మెరుస్తోంది. వాడు గడ్డి మీద అడుగు కోసం వెతికాడు. దొరకలేదు.

మూడో రోజు, అంటే నలభయ్యో రోజు. పొద్దున్నుంచే పడమటినుంచి సన్నగా గాలి మొదలైంది. తాడు బిగుసుకుంది.

"మూడో పని తేలిక," అన్నాడు మాంత్రికుడు. "అదిగో మెట్లు. నూరు మెట్ల పైన మూడువందల పంజరాలు. వాటిలో నా ప్రాణమున్న చిలకను తెచ్చి నా చేతికివ్వు." అని పైకెక్కి గద్దె మీద కూర్చున్నాడు. పైన చిలకలన్నీ గొంతు చించుకుంటున్నాయి. "నేనే ప్రాణం! నేనే ప్రాణం!"

మృదుపాదుడు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. వెంటనే వెనక్కి లాగేశాడు.

మెట్టు వెచ్చగా ఉంది. ఎండ వేడి కాదు, ఒంటి వేడి. మళ్లీ వేళ్లతో మెల్లిగా తాకాడు. రాతిలోపల ఎక్కడో గుండె కొట్టుకుంటోంది.

పంజరం సందులోంచి జారి వచ్చి మెట్టు మీద వాలిన ఒక ముసలి చిలక గుసగుసలాడింది. "చిలక కోసం వచ్చిన రాజకుమారులే ఈ మెట్లు నాయనా. అందరూ ముఖమల్ చెప్పులేసుకుని దడదడా ఎక్కారు. ఎవరికీ తెలీలేదు. పై రెండు మెట్లూ కొత్తవాళ్లు, నెల కిందట వచ్చారు. ఇద్దరికిద్దరూ 'మెడ నులిమేస్తాం' అంటూనే రాయైపోయారు."

"అన్నలు!" అన్నాడు మృదుపాదుడు. "మరి వాడి ప్రాణం మీలో ఎవరు?"

"ఎవరూ కాదు. ఆ ఒక్క ముక్కే నేర్పాడు మాకు. అరిస్తేనే జామపండు పెడతాడు. పొట్టకోసం అరుస్తున్నాం."

పైనుంచి మాంత్రికుడు గర్జించాడు. "ఎక్కవేం?"

"మనుషుల్ని తొక్కుకుంటూ ఎక్కాల్సిన ఎత్తు నాకొద్దు!" అన్నాడు మృదుపాదుడు. "మా ఇంట్లోనూ అదే పని చేశాం. ఇక చెయ్యను."

"పొద్దుగూకేదాకా నీ ఇష్టం. ఆ తర్వాత నూట ఒకటో మెట్టువి నువ్వే."

మృదుపాదుడు కూలబడ్డాడు. తాడు గుంజింది. పైనుంచి గౌరాలు గాలిలో ఊగుతూ అరిచింది. "రాజకుమారా! మూడు రోజులుగా పైనుంచి చూస్తున్నాను. వీడు ఎక్కడికెళ్లినా ధన్ ధన్ మని అదరగొడతాడు. మెట్ల వెనక ఒక చోట మాత్రం పిల్లిలా అడుగేసి చుట్టూ తిరిగిపోతాడు. అక్కడ ఒక గుంట ఉంది. అందులో ఉన్నది మట్టి!"

"దీవి మొత్తం రాయి పరిచినవాడు మట్టి ఎందుకు ఉంచుకున్నాడు?"

"మట్టిలో కంటికి కనపడకుండా ఏం దాక్కుంటుందో మా నాన్న నీకు చెప్పలేదూ?"

మృదుపాదుడు లేచాడు. మాంత్రికుడి తెలివి అప్పుడు అర్థమైంది: వాడి ప్రాణం చిలకలో లేదు, ఆ మట్టిలో రాయై దాగుంది. తనను చంపడానికి వచ్చేది రాజకుమారులే, వాళ్లు బురదలో కాలు పెట్టరు. బురదలో కాలు పెట్టేవాళ్ల కాళ్లలోనేమో తొక్కుడు లేకుండా చేశాడు. ఇంతకన్నా భద్రమైన చోటు లోకంలో ఉందా?

గుంటలో దిగాడు. తొడలదాకా మట్టి. అంచు నుంచి మొదలుపెట్టాడు. అడుగు పక్కన అడుగు. మడమతో నొక్కాడు, వేళ్లతో వెతికాడు. నడిమికి వచ్చాడు. ఏమీ దొరకలేదు.

గాలి పెరిగింది. తాడు నడుమును కోస్తోంది. మళ్లీ అంచుకు వెళ్లాడు. మడమతో నొక్కాడు, వేళ్లతో వెతికాడు. నడిమికి వచ్చాడు. ఏమీ దొరకలేదు.

హోరుమని ఆషాఢపుగాలి వచ్చింది. గౌరాలు సముద్రం వైపు అడ్డంగా ఎగిరింది. తాడు ఒక్కో పురి తెగుతోంది. పైన మాంత్రికుడు గద్దె మీద లేడు. ధన్ ధన్ ధన్ మని మెట్లు దిగుతున్నాడు.

"తాడు వదిలెయ్యి!" అని అరిచింది గౌరాలు. "నన్ను పట్టుకుంటే నువ్వూ వస్తావు!"

"రాను! మట్టి నన్ను పట్టుకుంది. అందుకే నేను నిన్ను పట్టుకోగలుగుతున్నాను!"

తాడును మోచేతికి చుట్టుకుని మూడోసారి అంచుకు వెళ్లాడు. కళ్లు మూసుకున్నాడు. ప్రాణమంతా అరికాళ్లలోకి తెచ్చుకున్నాడు. మడమతో నొక్కు, వేళ్లతో వెతుకు. మడమతో నొక్కు, వేళ్లతో వెతుకు. ఎడమకాలి చిటికెనవేలి కింద, గసగసాల గింజలో సగం, చల్లగా, మంచుముక్కలా తగిలింది.

వేళ్ల సందున పట్టి పైకి లాగాడు. నల్లటి రాయి.

లోహపాదుడు గుంట అంచున ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది. "అది... అది అక్కడ పెట్టెయ్యి బాబూ. సగం లోకం నీకిస్తాను. నువ్వు కాలెత్తితే సగం లోకం వంగుతుంది."

"వంగిన లోకాన్ని చూసే పెరిగాను," అన్నాడు మృదుపాదుడు. "నిలబడ్డ లోకాన్ని చూడాలని వచ్చాను."

రాయిని బండ మీదికి విసిరాడు. నేను కాలెత్తనా అన్నట్టు భద్రగజం అతనికేసి చూసింది.

"నేను చెప్పను," అన్నాడు మృదుపాదుడు. "ఇన్నాళ్లూ ఎవరో చెబితే తొక్కావు. ఇది నీ కాలు, నీ ఇష్టం."

ఏనుగు ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఆ తర్వాత కుడికాలు ఎత్తి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన ఇష్టంతో దించింది.

ధన్!

రాయి పొడి అయింది. లోహపాదుడి ఇనుప తొడుగులు ఖాళీగా దొర్లాయి. వాడి మెడలోని మూట విచ్చుకుంది. ఏ గాలి మేఘపురిని ఎగరగొట్టాలని బయలుదేరిందో, ఆ గాలే ఆ మట్టిని చిటికెడు కూడా వదలకుండా ఎత్తుకుని ఏడు సముద్రాల మీదుగా ఇళ్లకు తీసుకుపోయింది. అందులో ఒక చిటికెడు దారి మళ్లి గౌరాలును తాకింది. ఆమె పైనుంచి ధబ్బున వచ్చి గుంటలో పడింది. ముఖం నిండా బురద. రెండు కాళ్లతో ఒకసారి తొక్కి చూసుకుంది. దిగాయి! మళ్లీ తొక్కింది, మళ్లీ దిగాయి!

"ఏమయ్యా వెన్నకాళ్లయ్యా," అంది నవ్వాపుకోలేక, "ఇక నన్ను మోయనక్కర్లేదు. నడవగలను."

"పక్కపక్కన నడుద్దామా?"

"ఎంత దూరం?"

"నేల ఉన్నంత దూరం."

నూరు మెట్లూ నూరుగురు మనుషులై లేచారు. రణధీరుడూ గుణధీరుడూ నడుములు రుద్దుకుంటూ వచ్చారు. మెట్టుగా పడుండటం ఎలా ఉంటుందో నెల రోజులు తెలిసినవాళ్లు కదా, ఆ రోజు నుంచి ఎవరినీ ఎగతాళి చెయ్యలేదు. చిలకలు పంజరాలు వదిలి తమకు తోచిన మాటలు అరుచుకుంటూ వెళ్లిపోయాయి.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఊరి పొలిమేర నుంచే చప్పుడు వినపడింది. ధబ్ ధబ్ ధబ్. మట్టి తొక్కుతున్నారు, ఏతం తొక్కుతున్నారు, మగ్గం తొక్కుతున్నారు. గగనసేనుడు కోట తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చెవుల్లో దూది లేదు. కొడుకు బురదకాళ్లు చూశాడు. తనూ ఒక కాలు కింద పెట్టాడు. "చల్లగా ఉందేమిట్రా!" అన్నాడు, అరవై ఏళ్ల పసిపిల్లవాడు. ఆ రోజుతో "తొక్కించండి" అనే మాట కోటలో చచ్చిపోయింది. భద్రగజానికి గొలుసు లేదు. ఊళ్లో పిల్లలందరినీ ఎక్కించుకుని తిరగడమే దానికి ఉద్యోగం.

పెళ్లి కుమ్మరివాడలోనే, ఓబన్న తొక్కి కట్టిన మట్టి అరుగు మీద జరిగింది. పురోహితుడు, "వరుడు వధువు కాలు తొక్కాలి," అన్నాడు.

"ముందు ఆమెను నా కాలు తొక్కనివ్వండి," అన్నాడు మృదుపాదుడు. "నలభై రోజులు ఆ కాలికి బరువు లేదు. వచ్చిందో లేదో చూడాలి."

గౌరాలు చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి, మట్టి తొక్కే కాలితో, సంకోచం లేకుండా తొక్కింది.

"అమ్మోయ్!" అన్నాడు వరుడు. "వచ్చింది! పూర్తిగా వచ్చింది!"

పందిరంతా నవ్వింది.

అన్నలే తమ్ముడికి కిరీటం పెట్టారు; మృదుపాదుడూ గౌరాలూ చాలా ఏళ్లు మేఘపురిని ఏలారు. ఏటా మామిడివాన పడగానే రాజూ రాణీ ఇద్దరూ కుమ్మరివాడ మట్టిగుంటలో దిగి నెలరోజులు మట్టి తొక్కేవాళ్లు. కిరీటం పెట్టుకోవాలంటే ఎవరైనా ముందు ఆ గుంటలో దిగి గసగసాల గింజంత రాయి తీసి చూపాలి. దొరక్కపోతే మరుసటేడు దాకా ఆగాలి. కొందరు ఆగారు కూడా.

ఇదే ఆ నేల తొక్కని రాజకుమారుడి కథ. ఇక లేవండి పిల్లలూ. కాళ్లు రెండూ నేలకు ఆనించండి. ఆనాయా? గట్టిగా ఒక్కసారి తొక్కండి. వినపడిందా ఆ చప్పుడు? ఆ బరువు మీదే. ఎవడడిగినా చిటికెడు కూడా ఇవ్వకండి.